మేడిపల్లిలో ఈత

ఆ రోజుల్లో ఫోన్‌లో ఒక వీడియో చూస్తే చాలు, ఏ పనైనా వచ్చేస్తుందని మా నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే ఇంకా బతికి ఉన్నందుకే ఆశ్చర్యం వేస్తుంది. కోరుట్లలో ఉండే నా స్నేహితుడు ఏదో మంచు దేశంలో నలుగురు సన్నటి పడవేసుకుని అడవి నదిలో పోతుంటే చూసి, మనమూ రెండు రోజులు గోదావరి మీద అలాగే పోదామన్నాడు. ఆ పూట నుంచే అతడు మాకు కెప్టెన్. మిగతా ముగ్గురిలో ఒకడు, సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య పెరిగిన నేను. రెండో మనిషి జగిత్యాలలో ఉండే మా అక్క మొగుడు, అంటే నా బావ. మూడో మనిషి మేడిపల్లిలో కల్లు గీసే గౌడన్న.

పడవ ఇంకా రాలేదు (ఎవరో ఇస్తామన్నారు). అందాకా ప్రతి ఆదివారం కెప్టెన్ ఇంటి డాబా మీద బల్లను తిరగేసి, అందులో వరుసగా కూర్చుని వెదురు కర్రలతో గాలిని తోసేవాళ్లం. బట్టలారేయడానికి వచ్చిన వాళ్లమ్మ, "నీళ్లు లేకుంటనే గిన్ని చెమటలు పడ్తున్నయి, నీళ్లల్ల ఏం జేస్తరు కొడుకా" అనేది. ఒక ఆదివారం కెప్టెన్ కాగితం తీసి, "ఈత రానోల్లు ఇప్పుడే చెప్పుండ్రి, పేరు కొట్టేస్త" అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. పెళ్లినాటి నుంచి నన్ను ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్న బావ, "మా బామ్మర్దికి అస్తదా మరి" అన్నాడు. నాకు రోషం వచ్చింది. "మానేరు ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు పోయిన బావా" అన్నాను. పోయిన మాట నిజమే (ఎండాకాలంలో, చెప్పులు చేత్తో పట్టుకుని).

నిజానికి నడుము లోతు దాటి నేను నీళ్లలో దిగి ఎరగను. చివరికి పడవ కుదిరింది. ప్రయాణం దగ్గరపడేకొద్దీ అన్నం సహించలేదు. పేరు కొట్టేయించుకుంటే బావ జన్మంతా నవ్వుతాడు, పడవెక్కితే ఆ జన్మే మిగలదు. గౌడన్నకు పొలంలో పెద్ద బావి ఉంది కదా అని ఫోన్ చేశాను.

"అన్నా, నాకు ఈత గావాలె. మా బావకు తెల్వద్దు."

"గింత దానికి సిగ్గేంది తమ్మీ. పొద్దుగాల్నే రా, ఎండెక్కితే మంచిగుండది."

"ఎన్ని రోజులు పడ్తది?"

"మూడొద్దులు వరుసగ రా. ఒంటికి మంచిగ పడ్తది."

"భయమైతుందే."

"నేను పక్కన్నే ఉంట గద. ఎక్కువైతే నేనే ఆపుత."

మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరి, తువ్వాలు, నిక్కరు చంకలో పెట్టుకుని ఆ పొలానికి చేరాను. బావి గట్టున మా బావ నిక్కరు మీద, భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. నేను తువ్వాలు వెనక్కి దాచుకున్నాను. ఆయన ముందుగా తేరుకుని "నువ్వేందిరా" అనేలోపే పొలం ఒడ్డు మీద కెప్టెన్ కనిపించాడు, నడుముకు గాలి కొట్టిన ట్రాక్టర్ ట్యూబుతో. మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయాడు గానీ ఆ ట్యూబు ముళ్లకంపకు తగులుకుని తిరగనివ్వలేదు.

అప్పుడే చెట్టు దిగిన గౌడన్న నురగలు కక్కే లొట్టి కుండను తెచ్చి మా ముందు పెట్టాడు. "ఒకలికి తెల్వకుంట ఒకలు ఫోన్ జేస్తిరి. ఇగో, మంచి ఈత కల్లు. తాగుండ్రి."

"ఈత అంటె గిదానే?" అన్నాడు బావ.

"మరింకేం ఈత?"

"నీకు అస్తదనే గద పేరు రాసిన," అన్నాడు కెప్టెన్ నీరసంగా.

"అస్తది, ఇరువై చెట్లకు అస్తది. బాయిల మాత్రం నేను దిగ. నాకు నీళ్లంటె భయం."

అంతెత్తు చెట్టు ఎక్కి దిగే మనిషి ఆ మాట అనగానే ముగ్గురం బావిలోకి తొంగి చూశాం. వచ్చే ఆదివారం నలుగురం ఒకరి మీద ఒకరు భరోసా పెట్టుకుని గోదావరిలోకి పోయేవాళ్లం. ఎవరు మునిగినా తీసేవాడు లేడు. బావ నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. కెప్టెన్ కాగితం తీసి ముందు తన పేరే కొట్టేశాడు. తర్వాత ఆ చెట్ల కిందే కూర్చుని లొట్టి ఖాళీ చేశాం.

మొన్న మా అమ్మాయికి ఈత నేర్పించడానికి వెళ్లి, ఈ వయసులో నేనూ నేర్చుకున్నాను. మా పాత వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది, పైన పడవ బొమ్మతో. "నాకు ఈత అచ్చింది" అని అందులో పెట్టాను. గౌడన్న వెంటనే అడిగాడు: "ఎన్ని సీసలు?"

ఐదు అని రాశాను. నాలుగు మాకు. ఐదోది, చెప్పులు చేత్తో పట్టుకుని మానేరు దాటిన ఆ కుర్రాడికి.