పసుపు పూసిన రైలుపెట్టె

దాలయ్య చేతికి గ్యాస్ కట్టరిచ్చి సముద్రాన్ని చూపిస్తే దాన్నీ రెండు ముక్కలు చేసేస్తాడని వన్ టౌన్ పాత ఇనపసామాన్ల యార్డులో వేళాకోళం. జాలరింట పుట్టి, వల వదిలి నిప్పు పట్టిన మనిషి. ఓడరేకులు, బాయిలర్లు, ఏది వచ్చినా కోసేసేవాడు. పుట్టిన జాలరిపేట ఆచారం మాత్రం వదల్లేదు. అక్కడ పాత పడవని విప్పేముందు దాని ముక్కుకి పసుపు రాసి, "ఇన్నాళ్ళు మోసినావు తల్లీ, సెలవు" అని దండం పెడతారు. పసుపు రాసిన ముక్కుని ఎవరూ కోయరు, గంగమ్మ గుడి దగ్గర పాతుతారు. మిగతాదంతా కట్టెలే.

2004లో మద్రాసు నుంచి ట్రైలర్ల మీద రెండు పెట్టెలొచ్చాయి. ఊరి లోపల జనాన్ని తిప్పిన పాత కరెంటు రైలుకి రెండు చివరలా ఉండే పెట్టెలవి. మీటరు గేజి చిన్నపట్టాల కాలం చెల్లిపోయి, కొలిమి దారి పట్టాయి.

దాలయ్య ఒక దాంట్లోకెక్కి నోరు తెరిచాడు. గుమ్మాల దగ్గర నేల జనం కాళ్ళకి అరిగి గుంటలు పడింది. పట్టుకునే కడ్డీలు అరచేతుల రాపిడికి అద్దాల్లా మెరుస్తున్నాయి. ఎన్ని లక్షలమంది పట్టుకున్నారో! ఇంజను కోసం వెతికితే ఎక్కడా లేదు. మోటార్లు పెట్టె కిందే, ఇరుసుల పక్కన ఉన్నాయి. కప్పు మీద పీతకాళ్ళలా ముడుచుకున్న కడ్డీలున్నాయి. వాటిని చాచి పైన తీగలోంచి బలం తాగేదన్నమాట! దాలయ్య చెప్పులు విప్పేసి నిలబడ్డాడు.

సముద్రం వైపు చూస్తున్న పెట్టెని ముందనుకుని దాని ముక్కుకి పసుపు రాశాడు. రెండో దాంట్లోనూ సీటూ, మీటలూ కనిపించాయి గానీ, గార్డు కూర్చునేదేమో, ఇది తోక అనుకున్నాడు. దాన్ని ముందు కోసేశాడు. ముక్కలు కొలిమికి వెళ్ళిపోయాయి.

మద్రాసులో అలాంటి బండ్లే నడిపి రిటైరై మద్దిలపాలెంలో ఉంటున్న శ్రీరామ్మూర్తి, కబురు తెలిసి చూడ్డానికొచ్చాడు. పెట్టెని నిమిరి, "రెండోదేదీ?" అన్నాడు.

"తోకే గదా బాబూ, కోసేసినాం."

"తోకేటి దాలయ్యా! ఈ బండికి తోక లేదు. తాంబరంలో లైనైపోతే దిగి, ఎనక్కి రావడానికి ఆ చివరికి నడిసెళ్ళి, అక్కడ కూకునీవోణ్ణి. అప్పుడదే ముక్కు."

దాలయ్య అక్కడే కూలబడ్డాడు. పసుపు లేకుండా, దండం లేకుండా ఒక ముక్కుని కోసేశాడు! చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు యార్డు యజమాని కృష్ణంరాజు వచ్చి, "ఇంకా మొదలెట్టలేదా?" అని గద్దించాడు.

"నాను కొయ్యను రాజుగారూ. దీని తోబుట్టువుని తెలీక సంపేసినాను. ఇదైనా బతకాల."

"అయితే పన్లోంచి పో!"

దాలయ్య కట్టరు కింద పెట్టి వెళ్ళిపోయాడు. రాజు కట్టరు పట్టే ఇంకో పనివాడు వాసుని పిలిచాడు. వాసుదీ ఆ పేటే. పసుపు చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "పెద్దోడు ఒగ్గేసిందాన్ని నాను ముట్టుకోను" అన్నాడు. రాజు తిట్టని తిట్టు లేదు. ఈలోగా శ్రీరామ్మూర్తి రైల్వే ఆఫీసర్ల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి వాళ్ళని యార్డుకి తీసుకొచ్చాడు. పెట్టె బరువుకి సరితూగే పాత పట్టాలిచ్చి వాళ్ళు దాన్ని తీసుకుపోయారు. రాజుకీ నష్టం లేదు, దాలయ్యని మళ్ళీ పన్లోకి పిలిచాడు. పెట్టె ఇప్పుడు రైల్వే స్థలంలో, రేకుల షెడ్డు కింద, పెట్టె పొడవున వేసిన పట్టాల ముక్క మీద నిలబడి ఉంది.

ఏటా ఆయుధపూజకి దాలయ్య అక్కడికి వెళ్తాడు. ముక్కుకి పసుపు రాస్తాడు. తర్వాత ఆ డ్రైవరు నడిచినట్టే పెట్టె వెంట చివరిదాకా నడుస్తాడు. అక్కడ ఆగడు. షెడ్డు దాటి, రెండో పెట్టె ఉండాల్సినంత దూరం ఖాళీ నేల మీద నడిచి, ఆ ముక్కు ఉండాల్సిన చోట మట్టి మీద పసుపు ముద్ద పెడతాడు.

"ఇన్నాళ్ళు మోసినావు తల్లీ," అంటాడు. "ఆ రోజు సెప్పనేదు. సెలవు."