రెండు వందల నలభై ఏడు డిగ్రీలు

దేశం చూద్దామని సైన్యంలో చేరాను. నాలుగేళ్ల తర్వాత దేశం నన్ను నాయుడుపేట దగ్గరికి పంపింది. మా తిరుపతిలో బస్సెక్కితే రెండు గంటల దారి.

తొంభైల్లో ఒక నవంబరు. తుఫాను దాటిన మూడో రోజు ఉదయం ఆరున్నరకు మా వైద్యదళం ఒక హైస్కూలు ముందు దిగింది. అడ్డంగా కొడుతున్న వాన. మోకాలి లోతు నీళ్లు. రెండు ట్రక్కులు, పన్నెండు స్ట్రెచర్లు, ఒక జనరేటరు, ఒక వైర్‌లెస్ సెట్టు. తొమ్మిదికల్లా ఆసుపత్రి నడవాలని ఆర్డరు. తొమ్మిదికి ఆ స్కూల్లో కప్పలు తప్ప ఏమీ నడవలేదు.

కెప్టెన్ డాక్టరు ఉత్తరాది మనిషి. నర్సింగ్ సిస్టరు కేరళావిడ, మెడలో సన్నటి శిలువ. వైర్‌లెస్ ఆపరేటరు కర్నూలు వాడు. నేను నర్సింగ్ అసిస్టెంటును. గాయాలు కడగడం, కట్లు కట్టడం, తెలుగులో వచ్చే తిట్లన్నీ పడటం నా డ్యూటీ.

మర్నాడు పొద్దున ఎనిమిదికి ఒక రైతును మోసుకొచ్చారు. పుత్తూరు పక్క పల్లె. యాభై దాటాయి. చెల్లెలింటికొచ్చి తుఫానులో చిక్కుకున్నాడు. ఎగిరొచ్చిన రేకు నెత్తి చీల్చింది. భుజాల దాకా జుట్టు, దాన్నిండా బురద, చీము. జ్వరం నూట మూడు.

"జుట్టు తీసి శుభ్రం చెయ్యాలి. సాయంత్రం దాకా ఆగితే విషం ఒంట్లోకి పాకుతుంది" అన్నాడు కెప్టెన్.

నేను కత్తి తీయగానే పెద్దాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"దగ్గిరికొస్తే కొరుకుతా."

"నన్ను కొరికితే నాకూ సూది ఎయ్యాల పెద్దాయనా. ఉండేదే కొంచెం మందు."

ఎవరూ నవ్వలేదు. గట్టిగా పట్టుకోమన్నాడు కెప్టెన్. సిస్టరు ఒప్పుకోలేదు. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "ఇంత జుట్టు ఊరికే పెంచరు. ఎవరికోసమో అడుగు" అంది నాతో.

అడిగాను. కూతురు. రెండు కాన్పులు పోయాయి. ఇది మూడోది. తిరుపతి పెద్దాసుపత్రిలో ఉంది.

"తల్లీబిడ్డా బయటపడితే కొండెక్కి గుండు కొట్టించుకుంటానని మొక్కినా. ఈడ్నే తీసేస్తే సామికేమిచ్చేది? మొక్కు తప్పి వాళ్లకేమన్నా అయితే?"

ఫోన్లు చచ్చి నాలుగు రోజులైంది. ఏ కబురూ లేదు. వెళ్లే దారీ లేదు. ఆయన తలలో గాయం కన్నా ఆ భయమే లోతుగా ఉంది.

"సామికి తెలీదా పెద్దాయనా, నువ్వు గాలివానలో ఉండావని?" అన్నాను.

"నీకు చెప్పినాడా?"

సిస్టరు నెమ్మదిగా అంది: "నువ్వు చెప్పకు. ఏం చేస్తే తనకు సరిపోతుందో ఆయన్నే అడుగు."

పెద్దాయన్ని అడిగాను. "ముడుపు కట్టి పంపచ్చు. అయితే కొండదిక్కు సూసి, గోవిందా అని తీయాల. ఒక్క ఎంటిక గూడా నేలన పడగూడదు."

ఆయన్ని గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టాను.

"అది సముద్రం పక్కరా! నువ్వు తిరుపతోడివేనా?"

మబ్బు. సూర్యుడు లేడు. ఆపరేటర్ని కేకేశాను. మ్యాపు, కంపాసు తెచ్చాడు.

"రెండొందల నలభై ఏడు డిగ్రీలప్పా. ఇంకొంచెం ఎడమకు జరుపు. ఆఁ, నిలుపు."

ఎదురుగా ఏడో తరగతి నల్లబల్ల వచ్చింది. గుమ్మంలో కెప్టెన్, చేతులకు గ్లోవ్స్‌తో.

"ఏం జరుగుతోంది?"

"గురి చూస్తున్నాం సర్."

ఆయన గడియారం చూసుకున్నాడు. పదకొండు. "త్వరగా" అన్నాడు.

గోవిందా అన్నాం. సిస్టరు పెదవులూ కదిలాయి. ఏమందో నేనడగలేదు. జుట్టంతా స్టీలు ట్రేలో పడింది. వంటవాడి దగ్గర పసుపు తెచ్చి, గాజుగుడ్డకు పూసి మూట కట్టాను. కెప్టెన్ పని మొదలుపెట్టాడు. మర్నాటి పొద్దుటికి జ్వరం దిగింది.

ఆ పొద్దునే వైర్‌లెస్‌లో తిరుపతి పోలీసులు దొరికారు. పెద్దాసుపత్రికి మనిషిని పంపి కూతురి సంగతి కనుక్కున్నారు. ఆపరేటరు నన్ను బయటికి పిలిచాడు.

"తల్లి బాగుండాది. నాయన యాడుండాడని అడగతా ఉండాదంట. బిడ్డ దక్కలేదప్పా."

సిస్టరుకు చెప్పాను. ఒక్కటే అడిగింది: "ఎప్పుడు?"

"ఎప్పుడైతే ఏముంది సిస్టర్?" అన్నాడు ఆపరేటరు.

"ఆయన అడుగుతాడు."

మళ్లీ పిలిచాడు. గరగర. మళ్లీ. గరగర. నేను ట్రక్కు టైరుకు ఆనుకుని నిలబడ్డాను. బిడ్డ పోయింది పదకొండు తర్వాతైతే, పెద్దాయన లెక్కలో చంపింది నా చేతిలో కత్తే. ఎంత మందు వేసినా ఆ గాయం మానదు. నలభై నిమిషాలకు జవాబొచ్చింది.

"నిన్న తెల్లారుజామున. ఓవర్."

హమ్మయ్య అనుకున్నాను. ఒక పసిబిడ్డ పోయిన వేళ చూసి హమ్మయ్య అనుకున్నాను. దీనిమీద ఇంతవరకూ నాకు జోకు దొరకలేదు.

"కూర్చుని చెప్పు. దేవుడి ఇష్టం అనకు. తమాషాలు అసలొద్దు" అంది సిస్టరు.

కూర్చుని చెప్పాను. పెద్దాయన చెయ్యి జుట్టు కోసం తలమీదికి పోయింది. కట్టు తగిలి ఆగింది.

"గుండు చెయ్యకముందా, తర్వాతా?"

"ముందే పెద్దాయనా. నిన్న తెల్లారుజామున. అప్పటికి నిన్నీడికి తేనేలేదు."

"ముందే?"

"ముందే."

ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను. సిస్టరు ఆయన చెయ్యి వదల్లేదు.

"అమ్మి బాగుండాదా?"

"బాగుండాది. నిన్నే అడగతా ఉండాదంట."

"అయితే ముడుపు తీసుకోని పో. దానికోసరమూ మొక్కినా గదా."

రోడ్డు తెరుచుకోగానే మొదటి బండిలో ఆయన్ని తిరుపతి పంపాం. మా డ్యూటీ ముగిశాక సెలవు పెట్టి నేనూ ఇంటికొచ్చాను. మూట తీసుకుని కొండెక్కాను. కల్యాణకట్టలో క్షురకుడు వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఏమప్పా, స్పిరిట్ కంపు కొడతాంది. మనిషి యాడ?"

"కింద, కూతురి దగ్గర."

మూట విప్పి మిగతా జుట్టులో కలిపాడు.

మా వీధిలోవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, మిలిట్రీలో ఏం చూశావని. నాకు కనిపించేది ఒక నల్లబల్ల. దానిమీద ఎవరో సగంలో వదిలేసిన భాగహారం. దాని ముందు తడి గుండుతో పెద్దాయన, కొండ ఎదురుగా ఉన్నట్టే చేతులు జోడించి. బిడ్డ అప్పటికే లేదు. ఆ గదిలో ఎవరికీ తెలీదు. ఆయన నల్లబల్లకు చెబుతున్నాడు: "ఇద్దరూ సల్లగుండాల సామీ. ఇద్దరూ."