మారిన కొలత

ఖమ్మంలో కడుపు తీయించుకుని ఒంటరిగా భద్రాచలం బస్సెక్కాను. ఏడుపు రాలేదు. నొప్పి కూడా వేరెవరిదో అన్నట్టుంది. పాల్వంచ దాటాక మాత్ర కోసం సంచిలో వెతుకుతుంటే డయాఫ్రం డబ్బా ఒళ్లో పడింది. గర్భం రాకుండా లోపల పెట్టుకునే రబ్బరు మూత అది.

పక్కసీటులోని నడివయసు ఆమె దాన్ని గుర్తుపట్టింది.

"నేనూ ఇదే వాడిన చెల్లె. మంచిగ పనిచేస్తుందా?" అని మెల్లగా అడిగింది.

"లేదక్కా. మందు జెల్లు రాసే పెట్టుకున్న. అయినా కడుపొచ్చింది. నాకే సరిగ పెట్టుకొనుడు రాదంటున్నడు మా ఆయన."

"పిల్లలున్నరా?"

"ఒక్క బాబు. ఇది వాడు పుట్టకముందుది."

"కాన్పయితే లోపలి కొలత మారుతది. పాతది సరిగ కూసోదు. మళ్లీ చూపించుకోమని ఎవరూ చెప్పలేదా?"

తల అడ్డంగా ఊపాను. ఆమె డబ్బాను నా సంచిలో పెట్టి, నా చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"నీ చేతుల తప్పేం లేదు. డాక్టరమ్మతోని కొత్తగ కొలిపించుకో. అప్పటిదాంక జాగ్రత్త ఆయననే పడమను."

సారపాక వచ్చేదాకా చెయ్యి వదల్లేదు. పేరైనా అడగకముందే దిగిపోయింది. బస్సు గోదావరి వంతెన ఎక్కుతుండగా నాకు ఆకలేసింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది.