మాకు మాత్రమే తెలుసనుకున్న భాష

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. తమిళనాడులో, విరుదునగర్‌లోని ఒక కంటి ఆసుపత్రిలో నేను వార్డు నర్సుని. కోవిల్‌పట్టి వైపు నుంచి రామసామి అనే పెద్దాయన వచ్చి చేరాడు. గ్లకోమా, అంటే కంట్లో ప్రెషర్ పెరిగి చూపునిచ్చే నరం నలిగిపోయే జబ్బు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలినదానికి ఆపరేషన్ చేసి కట్టు కట్టారు.

ఆయన భార్య కొండమ్మ మంచం పక్కన కూర్చుని తమిళంలో ఒక పాత డిటెక్టివ్ నవల చదివి వినిపించేది. అందులో ఒక పరిశోధకుడు, ఆయన్ని వదలకుండా తిరిగే స్నేహితుడు. "హంతకుడు వంటవాడు కాదు, చూస్తూ ఉండు" అని పెద్దాయన పందెం కాసేవాడు. "తెలిసినట్టే! ఊరుకోండి" అని ఆమె తమిళంలోనే కసిరేది. వార్డంతా చెవులు రిక్కించి వినేది.

ఒక మధ్యాహ్నం నేనూ, నాతో పనిచేసే నర్సు జ్యోతీ డ్రెస్సింగ్ మార్చడానికి వెళ్ళాం. కొండమ్మ వేన్నీళ్ళకి వెళ్ళింది. జ్యోతిది అరుప్పుకోట్టై, మా ఇద్దరివీ తెలుగు ఇళ్ళే. రోగులకి తెలియకూడనివి తెలుగులో చెప్పుకోవడం మాకు అలవాటు. "పాపం, నరం చచ్చిపోయిందంట. దీనికీ చూపు రాదు. డాక్టర్ రేపు చెప్తాడంట" అన్నాను, వంకాయల ధర చెప్పినంత తేలిగ్గా.

పెద్దాయన తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు. అంతవరకు నన్ను "సిస్టర్" అన్న మనిషి, అచ్చం మా నాయనమ్మ తెలుగులో అన్నాడు:

"పాపా, మేమూ తెలుగోళ్ళమే. మా ఆమెకి ఇప్పుడే చెప్పవాకు. కత ముగించనీ. ఇంక రవ్వంతే ఉండాది."

ఛీ, నేనేం మనిషిని! సిగ్గుతో చచ్చిపోయాను. గడప దాటితే నేనూ తమిళమే మాట్లాడతాను. ఆయనా అంతేనేమో అని నాకెందుకు తట్టలేదు? "తప్పయిపోయింది తాతా" అని కూడా అనకుండా గబగబా కట్టు మార్చేశాను.

బయటికొస్తే వరండా చివర కొళాయి దగ్గర కొండమ్మ, చేతిలో ఖాళీ ఫ్లాస్కు. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది.

"వేన్నీళ్ళకి పోబోతా మంచం తెర ఇవతలే ఉంటిని పాపా. చూపు రాదంటివే, అది ఇనపడె. నిలబడలేక ఈడికి వచ్చేస్తిని. ఆయన ఇనలేదు కదా?"

"లేదవ్వా" అన్నాను.

"చెప్పవాకు. కత ముగిసేదాకైనా నిమ్మదిగా ఉండనీ."

ఆ సాయంత్రం ఆమె ఎప్పటికన్నా గట్టిగా చదివింది. ఆయన ఎప్పటికన్నా ఎక్కువ పందేలు కాశాడు. పక్క మంచాలవాళ్ళు నవ్వుతుంటే నేను మందుల గదిలోకి పోయి కూర్చున్నాను. మర్నాడు డాక్టర్ చెప్పినప్పుడు ఇద్దరూ అప్పుడే విన్నట్టు "అయ్యో" అన్నారు.

ఇప్పుడు మంచం పక్కన ఏ భాషలోనూ రోగం మాట ఎత్తను. జ్యోతి ఎత్తబోయినా నోరు మూయిస్తాను. ఆ మాట వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కలిసి వినాల్సింది. నావల్ల విడివిడిగా విన్నారు.