పాస్‌వర్డ్‌ల పుస్తకం

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టిన కొత్తలో శామీర్‌పేటలో నాకొక నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను. మాది కోస్తా. బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్న మరుసటి ఏడే ఉద్యోగం పోతే ఈ కొట్టు పెట్టుకున్నాను. కంప్యూటర్ల గురించి నాకు తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది. మునిగింది నా కొంప కాదు, అదీ నా బాధ.

ఆరు కంప్యూటర్లకూ ఒకటే పాస్‌వర్డ్. అదీ బోర్డు మీద రాసి ఉన్న షాపు పేరే. యాంటీవైరస్ గడువు అయిపోయిందని తెర మూలన ఎర్ర డబ్బా వస్తే ఈగను తోలినట్టు తోలేసేవాణ్ణి. వచ్చిన పిల్లలంతా తమ పాస్‌వర్డ్‌లు మరిచిపోయి నా ప్రాణం తోడేస్తున్నారని ఒక లాంగ్‌బుక్ కొన్నాను. పేరు, హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్ అన్నీ అందులో వరసగా రాయించేవాణ్ణి. అది ఎప్పుడూ బల్ల మీదే ఉండేది. "సార్, నాది ఏముండె?" అని ఎవరడిగినా పుస్తకం వాళ్ల వైపు తిప్పేవాణ్ణి. అందరివీ చూసుకుంటూ తమది వెతుక్కునేవాళ్లు. దీన్ని నేను సేవ అనుకున్నాను.

ఒక రోజు లాల్‌గడి మలక్‌పేట నుంచి ఒక రైతు తన పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కూర్చోకముందే షరతు చెప్పాడు.

"పొద్దుగాల పోయి పొద్దుగూకేసరికి ఇంట్ల ఉండాలె సారు. గసొంటి కాలేజీలే పెట్టుండ్రి. హాస్టల్ అంటే ఇగ చదువే వద్దు."

ఆ పిల్ల అప్పటికే అన్నీ కాగితం మీద రాసుకొచ్చింది. మేడ్చల్ వైపు ఉన్నవి, గండిమైసమ్మ వైపు ఉన్నవి మొత్తం పద్నాలుగు కాలేజీలు. ఏ కాలేజీకి ఏ బస్సు ఎన్ని గంటలకో కూడా పక్కనే రాసి ఉంది. తనే కూర్చుని ఒక్కొక్కటీ ఎక్కించింది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఎడమ చెయ్యి కీబోర్డుకు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది.

"మరిచిపోయి ఏడుస్తూ మళ్లీ నా దగ్గరికే వస్తావు. పుస్తకంలో రాయమ్మా" అన్నాను.

"నాకు యాదుంటది సార్."

"అందరూ అదే అంటారు."

తండ్రి కల్పించుకున్నాడు. "సారు మన మంచికే చెప్తుండు. రాయి బిడ్డా."

పెన్ను తీసుకుని, పైన రాసి ఉన్న పేర్లన్నీ ఒకసారి చూసింది. తర్వాత పేజీ అడుగున చిన్న చిన్న అక్షరాలతో రాసింది.

ఆ రోజుల్లోనే సీట్లు నిండని ఒక కాలేజీ తరఫు మనిషి మా కొట్టుకు తెగ వచ్చేవాడు. టీలు తెప్పించేవాడు. కరెంటు పోయి నేను జనరేటర్ దగ్గరికి వెళ్తే "మీరు వెళ్లిరండి, నేను చూస్తుంటాను" అని నా కుర్చీలో కూర్చునేవాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

సీట్లు ఇచ్చిన రోజున ఆ పిల్లకు వచ్చింది ఆ మనిషి కాలేజీలో. జిల్లా దాటి, మూడు బస్సులు మారి వెళ్లాలి. తను రాసిన పద్నాలుగింటిలో అది లేనే లేదు. తండ్రీకూతుళ్లు కౌన్సెలింగ్ ఆఫీసుకు పరిగెత్తారు. గడువు చివరి రోజున మీ పాస్‌వర్డ్‌తోనే మార్చారు, అది మీకు తప్ప ఎవరికి తెలుస్తుంది అన్నారట వాళ్లు. అట్నుంచి అటే నా దగ్గరికి వచ్చారు. కూతురు గుమ్మం బయటే నిలబడింది. తండ్రి బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పుండ్రి సారు. హాస్టల్ల ఉండాలని నా బిడ్డనే మార్చిందా?"

పుస్తకం మా ఇద్దరి మధ్యే ఉంది. జరిగిందేమిటో అప్పటికే నాకు అర్థమైపోయింది. చెబితే ఊరంతా మీదికొస్తుంది, కొట్టు మూసుకోవాలి. ఇల్లు, పిల్లల ఫీజులు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి.

"ఏమోనండీ" అన్నాను.

ఆయన తల ఊపాడు. కూతురి వైపు చూడకుండా బస్టాపుకు నడిచాడు. ఆ పిల్ల నాలుగడుగులు వెనకగా వెళ్లింది. నా జీవితంలో నేను చేసిన నీచమైన పని ఏదంటే ఆ ఒక్క మాటే. మర్నాడు పుస్తకం చింపి కాల్చేశాను. అంతా అయిపోయాక బుద్ధి తెచ్చుకోవడం నాకు బాగా చేతనవును.

ఆ పిల్ల ఇంజినీరింగ్‌లో చేరలేదు. వచ్చే ఏడు చూద్దామన్నారట. ఆ వచ్చే ఏడు రాలేదు.

రెండేళ్ల తర్వాత బయోడేటా కొట్టించుకోవడానికి వచ్చింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి మనుషుల్ని తీసుకుంటున్నారట. చదువు దగ్గర ఇంటర్ అని కొట్టి, మార్కులెన్నని అడిగాను. చెప్పింది. అంత మంచి మార్కులు వింటూనే నా వేళ్లు ఆగిపోయాయి. ఇక దాచుకోలేకపోయాను.

"ఆ రోజు నువ్వేం మార్చలేదమ్మా. నా పుస్తకంలో చూసి ఆ కాలేజీ వాడే మార్చాడు. మీ నాన్న దగ్గరికి వచ్చి చెబుతాను. ఇవాళే వస్తాను."

"నాకు గప్పుడే తెలుసు సార్" అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. "నాయినకు నేనే చెప్పలే. మీరు గూడ చెప్పకుండ్రి."

"ఎందుకమ్మా?"

"నా మీద కోపమైతే నాతోనే పోతది. గీ కంప్యూటర్ల ఎవడన్న ఏదన్న మారుస్తడని తెలిస్తే మా చెల్లెను చదువుకోనిస్తుండెనా? అది ఈ యేడే మేడ్చల్‌ల ఇంజినీరింగ్‌ల చేరింది."

ప్రింటు తీసి చేతికిచ్చాను. మీ నాన్న ఇప్పుడెలా ఉన్నారమ్మా అని మాత్రం అడిగాను.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ చెప్పింది.

"నాతోని మాట్లాడడు సార్. అలవాటైంది."