రాజుగారి పాపకి దిష్టి చుక్క

పొద్దున కాఫీ తాగాక మా ఆయన పోస్టుకార్డుల ఆల్బమ్ తెరిచేవారు. నేను పాత పంచె గుడ్డతో దాని ప్లాస్టిక్ కవర్లు తుడిచేదాన్ని. ఆయన పోయిన ఈ నాలుగు నెలలుగా తెరవడం, తుడవడం రెండూ నా పనే అయ్యాయి. పోయిన మంగళవారం నుంచి అనుమానపడటం కూడా తోడైంది.

మా ఆయన గిరిధర్ మేముండే జాన్సన్‌విల్ పేట నుంచి సిటీలోకి బస్సు నడిపేవారు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, చివరికి స్టీరింగ్ పట్టుకున్న మనిషి. సెలవు దొరికితే పాత సామాన్ల షాపుల్లో తిరిగి, నూరేళ్ళ కిందటి ఫోటో కార్డులు తెచ్చేవారు. అన్నీ రాజుల పిల్లలవే. ఓడ కళాసీల బట్టల్లో బాబులు, లేసు గౌన్లలో పాపలు. ఎవరు ఏ రాజు బిడ్డో ఆయన చెబుతుంటే, ఏడో తరగతితో ఆగిన నేను ఊ కొడుతూ వినేదాన్ని. మాకు పిల్లలు లేరు.

ఒక పాపంటే నాకు ప్రాణం. బూరె బుగ్గలు, చేతిలో చెక్క గుర్రం. ఒకరోజు ఉండబట్టలేక, అగ్గిపుల్లతో కాటుక తీసి ఎడమ బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టేశాను. కార్డు పాడుచేశానని తర్వాత భయమేసి ఆయనకి చూపించాను. ఆయన పగలబడి నవ్వారు.

"పాపం, అంత కోటలో ఈ పిల్లకి చుక్క పెట్టే దిక్కు లేకపోయింది! నూరేళ్ళు ఆగి నీ చేత పెట్టించుకుంది."

మంగళవారం చూస్తే ఆ చుక్క లేదు.

ఆయన స్నేహితుడు శశిధర్ కూడా కార్డులు పోగుచేస్తాడు. కంప్యూటర్లో ఎక్కించి తెస్తానని ఆల్బమ్ పట్టుకెళ్ళి, వారం ఉంచుకుని సోమవారమే తిరిగిచ్చాడు. అసలుది దాచుకుని, చుక్క చెరిపిన నకలు అచ్చేసి పెట్టాడేమో! కార్డు వాసన చూశాను. కాగితం మునుపటికంటే తెల్లగా ఉన్నట్టు తోచింది. చూసినకొద్దీ పాప నవ్వు కూడా వేరేలా అనిపించింది.

ఆదివారం అతను రెండో ఆల్బమ్ కోసం వచ్చాడు. మంచినీళ్ళిచ్చాను.

"ఏంటి వదినా, కాఫీ లేదా? అన్న ఉంటే ఈపాటికి రెండో కప్పు పడేది."

"పాలు లేవు." ఫ్రిజ్‌లో రెండు లీటర్ల డబ్బా నిండుగా ఉంది.

"డెయిరీ పక్కనే కదా, రెండు నిమిషాల్లో తెస్తా ఉండండి."

"పాల సంగతి తర్వాత. నా పాపని ఏం చేశావు?"

కార్డు ముందు పెట్టాను. "చుక్క ఏది?"

"అదా! ఏదో మరక అనుకున్నా. దూది పెట్టి గంటసేపు కూర్చుని క్లీన్ చేశా. మీరు సంతోషిస్తారనుకుంటే..."

"ఇది నకలు కాదని నేనెట్లా నమ్మేది?"

అతని మొహం వాడిపోయింది. "నేను దొంగతనం చేశాననా వదినా?"

కార్డు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాను. ఎడమ బుగ్గ మీద ఆవగింజంత సొట్ట. ఆ రోజు అగ్గిపుల్ల గట్టిగా నొక్కాను మరి. వేలితో తడిమాను. పాప మాదే.

వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను.

"పాలు లేవన్నారు?"

"నోరు మూసుకుని కూర్చో. చక్కెర ఎన్ని చెంచాలు?"

అతను వెళ్ళాక, నాలుగు నెలలుగా మూత తీయని కాటుక డబ్బా తీశాను. ఆ సొట్టలోనే మళ్ళీ చుక్క పెట్టాను. కార్డు లోపలికి తోస్తుంటే వేలికంటిన కాటుక కవరు మీద పూసుకుపోయింది.

ఈ పొద్దున ఒక్కో కవరూ తుడుస్తూ వచ్చాను. కాటుక అంటిన పాప కవరు దగ్గరికి రాగానే పంచె గుడ్డ మడిచి సొరుగులో పెట్టేశాను.