అజా మరేమ్ ఇంటికి దొరికిన జోప్

పొద్దున్నే మొహం కడుక్కున్నాక నూహుమ్ త్రవోరే చేసే మొదటి పని ఇంటి యజమానురాలిని తిట్టడం. భుజాన తువ్వాలుతో వాకిలి దాటి, ఆమె గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

"అజా, ఉన్నావా? రాత్రి ఎన్ని బొబ్బర్లు మింగావ్?"

"ఉన్నాలేరా, నా బానిసా! నా రొట్టె వాసన పట్టుకుని అప్పుడే వచ్చేశావా?" అని తెర వెనకనుంచి అజా మరేమ్ న్జాయ్ అరుస్తుంది.

మక్కా వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఆమె వీధి మొత్తానికి అజా. ఉదయం ఈ తిట్టు అందకపోతే ఆమెకు కాఫీ గొంతు దిగదు. ఒకసారి నూహుమ్‌కు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. ఆ రోజు కూడా మానలేదు. బుగ్గలు పూరించి, పొట్ట ముందు చేతులతో కుండంత గుండ్రంగా చూపించి, చేతి సైగలతోనే తిట్టి పనికి వెళ్ళాడు.

డాకర్‌లో న్జాయ్ ఇంటిపేరు వాళ్ళకూ, జోప్ ఇంటిపేరు వాళ్ళకూ తాతల కాలం నుంచీ తిట్టుకునే వరస ఉంది. బావామరదళ్ళ పరాచికాల లాంటిదే, కాస్త ఘాటెక్కువ: నువ్వు తిండిపోతువని ఒకరంటే, నువ్వు నా బానిసవని ఇంకొకరు. కోపం తెచ్చుకున్నవాడు ఓడిపోయినట్టు. మాలీలో త్రవోరేలు సరిహద్దు దాటి ఇటు వస్తే జోప్‌ల కింద లెక్క. అక్కడి జారాలు ఇక్కడి న్జాయ్‌లు. ఇది ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పరు.

నూహుమ్ మాలీలోని కాయ్ నుంచి వచ్చిన కొత్తలో ఇదేదీ అతనికి పనికిరాలేదు. పొడవాటి అంగీల మెడ చుట్టూ మిషన్ మీద పూలు కుట్టడం అతని పని. గ్రాండ్ డాకర్ పేటలో ఒక దర్జీ షాపులో చేరి, ఆ షాపులోనే కత్తిరింపు ముక్కల మీద పడుకునేవాడు. జుట్టులో దారాలతో లేచేవాడు. ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ బాగానే గడిచింది. ఈలోగా భార్య రోకియా చంటిపిల్లను తీసుకుని శుక్రవారం బస్సుకు వస్తున్నానని కబురు చేసింది.

"ఆడమనిషిని, పసిపిల్లనీ ఈ సూదుల మధ్య పడుకోబెట్టనయ్యా. గది దొరికితే సరి, లేదా ఆ అమ్మాయిని తిరుగు బస్సు ఎక్కించు" అని షాపు యజమాని తేల్చేశాడు.

గదులు లేక కాదు. ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న. "ఇక్కడ నిన్నెరిగినవాళ్ళు ఎవరు?" ఒకాయనకు కనీసం ఒక మేనమామ కావాలి. ఇంకొకాయన, "నువ్వు ఇంతకు ముందు అద్దెకున్న ఇంటివాళ్ళను పిలుచుకురా" అన్నాడు. అద్దెకు ఇల్లు దొరకాలంటే ముందు అద్దెకు ఉండి ఉండాలన్న మాట నూహుమ్‌కు ఎంతసేపు ఆలోచించినా కొరుకుడు పడలేదు.

అప్పుడు బసిరు ముందుకొచ్చాడు. బసిరు షాపు ముందు బండి మీద మిరియాల కాఫీ అమ్ముతాడు. ఊళ్ళో ఎవరి కష్టమైనా తన కష్టమే అనుకునే రకం, తీర్చడం మాత్రం రాదు.

"నేను పూచీ ఉంటా తమ్ముడూ! నా మాటంటే ఈ పేటలో రాయి మీద గీత!"

ఇద్దరూ కలిసి ఒక మేడ ఇంటికి వెళ్ళారు. బసిరు గుండె మీద చెయ్యి వేసుకుని, "ఈ కుర్రాణ్ణి చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. నా ఒళ్ళో పెరిగాడు" అన్నాడు.

"పేరేంటి?" అన్నాడు ఇంటాయన.

బసిరు "మూసా" అనడం, నూహుమ్ "నూహుమ్" అనడం ఒక్కసారే జరిగాయి.

ఇంటాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నీ ఒళ్ళో పెరిగింది మూసా అయితే, మరి ఇతనెవరు?"

తిరుగుదారిలో బసిరు తప్పంతా నూహుమ్ మీదకు తోసేశాడు. "నీకు తేలికైన పేరు పెట్టుకోవడానికేం రోగం?" అని కాసేపు గొణిగి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. "తమ్ముడూ, మసీదు వెనక సందులో అజా మరేమ్ ఇంట్లో కుళాయి పక్క గది ఖాళీగా ఉంది. ఆవిడ న్జాయ్. నువ్వూ న్జాయ్‌వని చెప్పు. సొంత మనిషిని బయటికి పంపుతుందా?"

"నేను త్రవోరేని కదన్నా. ఇక్కడి లెక్కలో జోప్‌ని."

"మీ ఆవిడ?"

"జారా."

"అంటే న్జాయ్! ఇంట్లో సగం మంది న్జాయ్‌లేగా! మిగతా సగం గురించి నోరెత్తకు. మర్యాదగా ఉండు. తక్కువ తిను."

బసిరుకు తెలియనిదేమిటంటే, అజా మరేమ్ ఆ ఏడంతా చిరాకుగా ఉంది. ఆ కుళాయి పక్క గదిలో అంతకుముందు ఇబ్రా జోప్ అనే ముసలాయన ఉండేవాడు, సోఫాలు కుట్టేవాడు. ఇరవయ్యేళ్ళు ఆమె అతన్నీ, అతను ఆమెనూ కడుపారా తిట్టుకున్నారు. కాళ్ళు పనిచెయ్యక అతను కూతురి దగ్గరికి తీయెస్ అనే ఊరు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో అందరూ మర్యాదస్తులే మిగిలారు.

వీళ్ళు వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. పెద్ద బేసిన్ నిండా చేప అన్నం, చుట్టూ ఇంటివాళ్ళు. గుమ్మంలో ఉన్నవాణ్ణి పిలవకుండా తినే అలవాటు మా వీధిలో లేదు. ఇద్దరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. అజా చేపను విరిచి పెద్ద ముక్క నూహుమ్ వైపు తోసింది.

"ఇంటిపేరేంటి నాయనా?"

"న్జాయ్ అమ్మా. మాలీలో జారా అంటారు."

"నా బిడ్డే! తిను, తిను."

నూహుమ్ మూడు ముద్దలు తిని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొద్దుట్నుంచీ అతని కడుపులో ఏమీ పడలేదు. చేప వంక చూడకుండా ఉండాలని గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

"చాలమ్మా. కడుపు నిండిపోయింది."

అజాకు అనుమానం వచ్చింది. మూడు ముద్దలతో కడుపు నిండే మనిషికి జబ్బన్నా ఉండాలి, దాపరికమన్నా ఉండాలి.

"మంచిదే. ఆ జోప్‌ల లాగా తినవన్నమాట. ఏం నాయనా, జోప్‌లంటే నీ అభిప్రాయమేంటి?"

నూహుమ్ క్యాలెండర్ మీంచి చూపు తిప్పలేదు. "మంచివాళ్ళేననుకుంటానమ్మా."

బేసిన్ చుట్టూ చేతులన్నీ ఆగిపోయాయి. ఒక న్జాయ్ నోట ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. బసిరు మోకాలితో పొడిచాడు.

"మంచివాళ్ళా?" అంది అజా, చెయ్యి తుడుచుకుంటూ. "మా తాత ఒక జోప్‌ని సంతలో గుప్పెడు వేరుశనక్కాయలకు కొన్నాడు. అమ్మినవాడు కాయలు పక్కన పెట్టి సంచీ వెతుక్కునేలోగా ఆ కాయలు కూడా ఆ జోప్ వాడే తినేశాడు. పొట్టు కూడా మిగల్లేదు. అదీ ఆ వంశం!"

ఇంటిల్లిపాదీ నవ్వారు. నూహుమ్ కూడా నవ్వబోయాడు, పెదవులు కదల్లేదు. చెవులు వేడెక్కాయి.

"ఆ పొట్ట చూసి మా తాత భయపడి, వాణ్ణి తిరిగి ఇచ్చేస్తానంటే, తీసుకునేవాడే లేడు!"

"ఏయ్, ఇక ఆపు!" అన్నాడు నూహుమ్. ఇంతసేపూ పట్టుకున్న మర్యాద మొత్తం ఒక్కసారిగా జారిపోయింది. "మా తాతనంటావా? మీ తాత ఏం చేశాడో మా ఊరు ఊరంతా ఎరుగుదురు! పెళ్ళినాడు పెళ్ళికూతుర్ని గుమ్మంలో నిలబెట్టి, బొబ్బర్ల కుండ నెత్తిన పెట్టుకుపోయే మనిషి వెనకాల పక్క ఊరిదాకా పోయాడు! మూడో రోజు వెతుక్కొస్తే కుండలో తల ఇరుక్కుని దొరికాడు! కుండ పగలగొట్టాలంటే వద్దు, అడుగున ఇంకా ఉన్నాయన్నాడు!"

తనేమన్నాడో అప్పుడు తెలిసొచ్చింది నూహుమ్‌కు. బస్సు దిగి పిల్లతో నిలబడ్డ రోకియా కళ్ళ ముందు కనిపించింది. బసిరు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అజా మరేమ్ మెల్లిగా అడిగింది. "ఎవరి తాతన్నావ్?"

"మా తాత" అన్నాడు నూహుమ్, నేల చూస్తూ. "నేను త్రవోరేని."

"అంటే జోప్‌వి."

"జోప్‌నే."

అజా తొడ చరిచి నవ్వడం మొదలుపెట్టింది. తలగుడ్డ జారి బేసిన్‌లో పడబోతే ఎవరో పట్టుకున్నారు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "దొంగ సచ్చినోడా! నా ఇంటికొచ్చి, నా పేరు పెట్టుకుని, నా చేప తింటావా!" అంది.

"మూడు ముద్దలే తిన్నా."

"అదేరా నాకు అర్థం కానిది! జోప్ అయ్యుండి మూడు ముద్దలు తిని ఆపావంటే నీకు ఈ గది ఎంత అవసరమో!" వంటింటి వైపు తిరిగి కేకేసింది. "అడుగు మాడుచెక్క అంతా గీకి పట్టుకురండి. ఇంటికి జోప్ వచ్చాడు!"

నూహుమ్ ఈసారి క్యాలెండర్ చూడలేదు.

బసిరు చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోంచే అడిగాడు. "మరి పూచీ ఎవరుండాలమ్మా?"

"నువ్వు మాత్రం ఉండకు" అంది అజా. "వీడికి పూచీ ఎందుకు? వీడి తాతనే ఎరుగుదును, వేరుశనక్కాయలు తినేవాడు. రేపే సామాను తెచ్చుకోమను. ఒక్క షరతు. నా బానిసనని నోరారా ఒప్పుకోవాలి."

నోటి నిండా మాడుచెక్కతో నూహుమ్ తల అడ్డంగా ఊపాడు. "బొబ్బర్లు తినేవాళ్ళకు బానిసనా? అసలు ఈ ఇంట్లో ఉన్నందుకు నువ్వే నాకు అద్దె కట్టాలి."

"విన్నారా, విన్నారా!" అని అజా ఇల్లంతా వినిపించేలా అరిచింది. తాళంచెవి మాత్రం అతని ఒళ్ళోకి విసిరింది.

శుక్రవారం రోకియా వచ్చింది. అజా ఆమె చేతిలోంచి పిల్లను అందుకుంటూ ఇంటిపేరడిగింది. జారా అని విని, "మా పిల్లే! ఈ గిన్నెలు నాకేవాడితో ఎలా వేగుతున్నావే తల్లీ?" అంది. రోకియా ప్రయాణం బడలిక కూడా మరిచిపోయి, "ఏం చెప్పమంటావమ్మా, పెళ్ళిలో కుండతో సహా తినబోయాడు" అని మొదలుపెట్టింది. నూహుమ్ మూటలు మోసుకుంటూ వాళ్ళిద్దరి పక్కనుంచి నోరు మూసుకుని గదిలోకి వెళ్ళాడు.

నూహుమ్ ఇప్పుడు అదే సందు మొదట్లో సొంత షాపు నడుపుతున్నాడు. రెండో పిల్ల పుట్టాక, నిరుడు, పక్క గది కూడా అద్దెకు తీసుకున్నారు.